నత్తి : దేహధర్మం, మనోధర్మం

పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఆలయానికి వచ్చే తల్లిదండ్రులు పండితులను ఒక ప్రశ్న తరచుగా అడుగుతారు. పలక, బలపం, పళ్లెంలో బియ్యం అన్నీ సిద్ధమైన తరువాత తల్లి కొంచెం పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "అయ్యా! వీడికి మాట తడబడుతుంది. ఏ స్తోత్రం చదివిస్తే పోతుందండీ?" అని అడుగుతుంది. మరికొందరు, "ఇది ఏ జన్మలో చేసుకున్న పాపమండీ?" అని కంటతడి పెడతారు.

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పవలసిన బాధ్యత శాస్త్రం చదువుకున్నవారిపై ఉన్నది. స్తోత్రం చదివించవద్దని ఎవరూ అనరు. కాని నత్తి అంటే ఏమిటో, అది దేహంలో ఎక్కడ పుడుతుందో, మనస్సులో ఎలా పెరుగుతుందో తెలుసుకోకుండా స్తోత్రం మాత్రం చెప్పి పంపడం, నాడి చూడకుండా మందు ఇవ్వడం వంటిది. అందువల్ల ఈ విషయాన్ని మన శాస్త్రాలు, నేటి వైద్యులు ఏ విధంగా చూశారో భక్తులకు మనవి చేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

సారాంశం ముందే చెబుతాను. నత్తికి మూలం భయం కాదు. దేహంలోని ఒక తేడావల్ల నత్తి పుడుతుంది. నత్తివల్ల భయం పుడుతుంది. ఆ భయం తిరిగి నత్తిని పెంచుతుంది. ఈ చక్రంలో మొదటి భాగం దేహానిది, తక్కినది మనస్సుది. మనస్సుకు సంబంధించిన ఆ భాగంలో మాట్లాడేవారితోపాటు వినేవారమైన మనకూ వాటా ఉన్నది.

మాట పుట్టే మార్గం

ఆరు వేదాంగాలలో శిక్ష ఒకటి. వర్ణం ఎక్కడ పుడుతుంది, దానిని ఎలా పలకాలి, ఎలా పలకరాదు అన్నది దాని విషయం. పాణినీయ శిక్ష మాట పుట్టుకను ఒక క్రమంలో వివరించింది. ఆత్మ, బుద్ధితో కూడి చెప్పదలచిన అర్థాలను సమకూర్చుకుంటుంది. చెప్పాలనే కోరికతో మనస్సును ప్రేరేపిస్తుంది. మనస్సు దేహంలోని అగ్నిని కదిలిస్తుంది. అగ్ని వాయువును కదిలిస్తుంది. ఆ వాయువు వక్షఃస్థలం నుండి పైకి లేచి, శిరస్సును తాకి మరలి, నోటిలోనికి వచ్చి వర్ణాలుగా వెలువడుతుంది. ఆ వర్ణాలకు ఉరస్సు, కంఠం, శిరస్సు, నాలుక మొదలు, దంతాలు, నాసిక, పెదవులు, అంగిలి అని ఎనిమిది స్థానాలు చెప్పారు.

ఒక్క మాట బయటకు రావడానికి ఇన్ని మెట్లు ఉన్నవన్నమాట. ఊపిరి, గొంతు, నాలుక, దవడ, పెదవులు ఒకే తాళానికి కదలాలి. ఒకటి రెప్పపాటు ముందు కదిలినా, వెనుక కదిలినా పలుకు చెడుతుంది. మనం రోజూ ఏ ప్రయత్నమూ లేనట్లుగా మాట్లాడుతున్నాం కనుక ఇందులోని కష్టం మనకు తెలియదు.

వాక్కుకు పరా, పశ్యంతీ, మధ్యమా, వైఖరీ అని నాలుగు దశలను కూడ మన పెద్దలు చెప్పారు. పరా, పశ్యంతులు మన అనుభవానికి అందని సూక్ష్మదశలు. మధ్యమ అంటే లోలోపల పదాలుగా, వాక్యాలుగా ఏర్పడిన మాట. వైఖరి అంటే నోటినుండి వెలువడి ఇతరులకు వినిపించే మాట. నత్తి ఉన్నవారికి మధ్యమ దశ వరకు ఏ లోపమూ ఉండదు. తాము ఏమి చెప్పదలచుకున్నారో వారికి అక్షరం అక్షరం తెలుసు. మనస్సులో చదువుకుంటే తడబాటు లేదు. మధ్యమ నుండి వైఖరికి దాటే గడప దగ్గర మాట నిలిచిపోతుంది. నేటి వైద్యులు నత్తిని నిర్వచించేటప్పుడు కూడ ఇదే చెబుతారు: చెప్పవలసినది స్పష్టంగా తెలిసి ఉండి, తన ఇష్టంతో పని లేకుండా ఆ క్షణంలో పలకలేకపోవడమే నత్తి. కనుక నత్తి ఉన్నవారిని తెలివి తక్కువవారని గాని, పాఠం రానివారని గాని అనుకోవడం శాస్త్రదృష్టిలో కూడ పొరపాటే.

దేహధర్మం

నత్తి మూడు రూపాలలో కనబడుతుంది. మొదటిది ఆవృత్తి: "నా నా నా నాన్న" అని అక్షరం మళ్లీ మళ్లీ రావడం. రెండవది దీర్ఘం: "స్స్స్సీత" అని ఒకే ధ్వని సాగిపోవడం. మూడవది అవరోధం: పెదవులు గాని, గొంతు గాని బిగిసి ధ్వని అసలు వెలువడకపోవడం. మూడవది అన్నింటికంటె బాధాకరం. చూసేవారికి మనిషి మౌనంగా ఉన్నట్లు కనిపిస్తాడు. లోపల మాత్రం పెనుగులాట జరుగుతూ ఉంటుంది. ఆ పెనుగులాటలోనే కళ్లు గట్టిగా మూయడం, తల విదల్చడం, కాలు నేలకు తన్నడం వంటి చేష్టలు అలవాటవుతాయి. అవి మొదట మాటను బయటకు నెట్టడానికి చేసిన ప్రయత్నాలు. క్రమంగా నత్తిలో భాగమైపోతాయి.

మన వైద్యశాస్త్రం దీనిని దేహంలో వెదికింది. సుశ్రుతసంహితలో నిదానస్థానపు మొదటి అధ్యాయం వాతవ్యాధులను గురించినది. కఫంతో కూడిన వాయువు శబ్దాన్ని మోసే ధమనులను ఆవరించినప్పుడు మూగతనం, ముక్కుతో మాట్లాడడం, గద్గదత్వం కలుగుతాయని అక్కడ చెప్పబడినది. పలుకు వెలువడడం, అందుకు కావలసిన ప్రయత్నం ఉదానవాయువు పనులని చరకసంహిత చెప్పింది. ఈ గ్రంథాల భాష వేరు, నేటి వైద్యుల భాష వేరు. రెండింటినీ బలవంతంగా ఒకటి చేయనక్కరలేదు. కాని సుశ్రుతుడు గద్గదత్వాన్ని దేహవ్యాధుల అధ్యాయంలో చేర్చాడన్నది మనం మరువరాదు.

నేటి పరిశోధకులు నత్తిని మెదడులో చూశారు. చాలామందికి మెదడు ఎడమ భాగంలో మాటను కూర్చే చోట్లు ఉంటాయి. ఆ చోట్లనూ, నోటి కండరాలను కదిలించే చోట్లనూ కలిపే నాడీతంతువుల అల్లికలో నత్తి ఉన్నవారికి కొంత తేడా కనిపించింది. ఏ కదలిక ఎప్పుడు మొదలు కావాలో సమయం అందించే లోపలి భాగాల పనిలో కూడ తేడా ఉన్నదని తేలింది. సంగీతం తెలిసినవారికి ఒక పోలికతో చెప్పవచ్చు: గాయకుడికి పాట వచ్చు, గాత్రం ఉన్నది, తాళం అందించేవాడు మాత్రం అప్పుడప్పుడు ఎత్తుగడ తప్పుతున్నాడు.

ఇది వంశంలో కూడ వస్తుంది. 2010లో అమెరికాలో డెన్నిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్‌కు చెందిన కుటుంబాలను పరిశీలించి, నత్తికి సంబంధమున్న మూడు జన్యువులలో మార్పులను గుర్తించింది. అవి కొద్దిమంది విషయంలోనే కారణమవుతాయి. అయినా తల్లి పెంపకం వల్లనో, దిష్టి వల్లనో నత్తి వచ్చిందని నిందించే ఇండ్లలో ఈ ఒక్క సంగతి తెలియడం మేలు.

సాధారణంగా నత్తి 2 నుండి 5 ఏండ్ల వయస్సులో మొదలవుతుంది. పిల్లలలో ఇంచుమించు 100 మందిలో 5 గురికి ఏదో ఒక దశలో ఇది కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి కొన్ని నెలలలోనో, ఒకటి రెండు సంవత్సరాలలోనో దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దవారిలో 100 మందికి సుమారు ఒకరికి నిలిచి ఉంటుంది. అలా నిలిచినవారిలో స్త్రీ ఒకరైతే పురుషులు నలుగురు ఉంటారు.

లోపం నాలుకలో ఉన్నదనుకొని పూర్వం కొన్ని ఘోరాలు జరిగాయి. 1841లో బెర్లిన్ నగరంలో డీఫెన్‌బాక్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు నత్తి పోగొట్టడానికి నాలుక మూలాన్ని కోసే చికిత్స చేశాడు. రోగులు నెత్తురు కోల్పోయారు గాని, ఆ పద్ధతి నిలవలేదు. మన పల్లెలలో కూడ నాలుక మందమని, నాలుక కింద తీగ ఉన్నదని నేటికీ అంటారు. నాలుక కింద పొర బిగువుగా ఉండడం వేరు, నత్తి వేరు. పాట పాడేటప్పుడు అదే నాలుక చక్కగా తిరుగుతున్నదంటే లోపం నాలుకది కాదు.

మనోధర్మం

మూడేండ్ల పసివాడు తడబడినా సిగ్గుపడడు. "అ అ అ అమ్మా" అని పిలిచి, తనకు కావలసినది అడిగి, పరుగెత్తి ఆడుకుంటాడు. వానికి నత్తి ఉన్నది, నత్తిని గురించిన భయం లేదు. ఆ భయం తరువాత వస్తుంది. తోటి పిల్లలు వెక్కిరిస్తారు. చుట్టాలు నవ్వుతారు. తండ్రి "సరిగ్గా మాట్లాడరా" అని గద్దిస్తాడు. బడిలో వరుసగా ఒక్కొక్కరినీ లేపి చదివిస్తుంటే, తన వంతు రావడానికి ఇంకా ఐదుగురు ఉండగానే వాని గుండె దడదడలాడుతుంది. ఆ దడతో గొంతు మరింత బిగుస్తుంది. బిగిసిన గొంతుతో తడబాటు పెరుగుతుంది. పెరిగిన తడబాటు మరునాటి భయానికి విత్తనమవుతుంది.

భయం కలిగినప్పుడు మాట తప్పడం ఎవరికైనా ఉన్నదే. మన రసశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలలో స్వరభంగాన్ని ఒకటిగా లెక్కించింది. కాని తక్కినవారికి ఆ ఉద్వేగం తగ్గగానే మాట సర్దుకుంటుంది. నత్తి ఉన్నవారికి ప్రతి సంభాషణా ఒక పరీక్షాశాల ప్రవేశమే. టెలిఫోన్ మ్రోగితే ఎత్తరు. దుకాణంలో కావలసిన వస్తువు పేరు రాకపోతే, పలకడానికి వీలైన మరొక వస్తువు కొనుక్కొని వస్తారు. "కాఫీ" అనలేక "టీ" అంటారు. రాని అక్షరం ఎదురవుతుందని ముందే పసిగట్టి మాట మార్చడంలో వారు ఎంతో నేర్పు సంపాదిస్తారు. అందువల్ల కొందరికి నత్తి ఉన్నదని పక్కవారికి ఏండ్ల తరబడి తెలియదు. జోసెఫ్ షీహన్ అనే అమెరికా మనస్తత్వవేత్త నత్తిని నీటిలో తేలే మంచుకొండతో పోల్చాడు. చెవికి వినబడే తడబాటు పైకి కనిపించే కొద్ది భాగం. సిగ్గు, భయం, దాచుకోవడం నీటి అడుగున ఉన్న పెద్ద భాగం.

మాట మార్చడానికి వీలులేనిది ఒక్కటి ఉన్నది. అది తన పేరు. అందుకే నత్తి ఉన్న చాలామందికి అన్నింటికంటె కష్టమైన మాట తమ పేరే. మన ఆలయంలో సంకల్ప సమయాన అర్చకస్వామి అడిగేది సరిగ్గా అదే: గోత్రం, నామధేయం. వెనుక వరుసలో జనం, చేతిలో కొబ్బరికాయ, ఎదుట స్వామి. ఒక పర్యాయం నలభై ఏండ్ల గృహస్థు ఒకరు అర్చన చేయించుకొని వచ్చి మండపంలో నా పక్కన కూర్చున్నారు. ముఖం వాడి ఉన్నది. కొంతసేపటికి తామే చెప్పారు. ఆయన పేరు పకారంతో మొదలవుతుంది. పెదవులు మూతపడి విడిపోలేదు. వెనుకనుండి ఎవరో "త్వరగా కానీయండి" అన్నారు. దానితో ఆయన నోటికి తేలికగా వచ్చిన తమ్ముని పేరు చెప్పేశారు. అర్చన ఆ పేరుమీద జరిగిపోయింది. "ప్రతి సంవత్సరం ఇంతేనండీ. నా పేరుమీద నేను పూజ చేయించుకొని పదేండ్లయింది" అన్నారు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "స్వామికి తొందర లేదు, మళ్లీ వెళదాం రండి" అని ఆయనతో కలిసి గర్భాలయం వద్దకు వెళ్లాను. అర్చకస్వామి ఆగారు. పేరు వచ్చింది. దానికి పట్టిన కాలం హారతి పళ్లెం అటునుండి ఇటు తేవడానికి పట్టేటంత.

వినేవారి మాటలకు ఎంత బలం ఉన్నదో చెప్పే సంఘటన ఒకటి వైద్యచరిత్రలో ఉన్నది. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుని పర్యవేక్షణలో, ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లలపై ప్రయోగం జరిగింది. వారిలో కొందరు చక్కగా మాట్లాడే పిల్లలు. అయినా, "నీకు నత్తి మొదలవుతున్నది, తప్పు లేకుండా పలకగలిగితేనే మాట్లాడు" అన్నట్లుగా వారిని హెచ్చరిస్తూ వచ్చారు. ఆ పిల్లలు ముడుచుకుపోయారు, మాట్లాడడానికి జంకారు, చదువులో వెనుకపడ్డారు. 2001లో ఆ విశ్వవిద్యాలయం బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ మాటలు వారిని నత్తివారిగా మార్చలేదు. కాని నత్తివారి భయాన్ని మాత్రం వారిలో పూర్తిగా నాటాయి. మాటను ప్రతిక్షణం తప్పుపట్టే ఇంట్లో బిడ్డకు ఏమి జరుగుతుందో దీనివల్ల తెలుస్తున్నది.

కలిసి చదివితే తడబాటు ఎందుకు ఉండదు?

నత్తి ఉన్నవారు భజనలో చక్కగా పాడతారు. విష్ణుసహస్రనామ పారాయణలో పదిమందితో గొంతు కలిపినప్పుడు తడబడరు. వేదపాఠశాలల్లో సంత చెప్పుకునే పద్ధతి తెలిసినవారికి దీని మర్మం బోధపడుతుంది. గురువు ఒకసారి చెబుతారు, శిష్యులందరూ కలిసి రెండుసార్లు అంటారు. నేను సంస్కృతం బోధించిన రోజులలో ఒక విద్యార్థి శబ్దమంజరి అంతా తోటివారితో కలిసి గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. లేపి నిలబెట్టి "షష్ఠీ ఏకవచనం ఏది?" అని అడిగితే, సమాధానం తెలిసి కూడ పెదవి విప్పలేకపోయేవాడు. తోటివారు అది సోమరితనమన్నారు. నటన అన్నవారూ ఉన్నారు.

అది నటన కాదు. సామూహిక పఠనంలో తాళం బయటనుండి అందుతుంది. లోపల తాళం వేసేవాడు ఎత్తుగడ తప్పినా బయటి తాళం నడిపిస్తుంది. పదాలు ముందే కంఠస్థమై ఉంటాయి, వెదకి కూర్చవలసిన పని లేదు. అందరి గొంతులలో తన గొంతు కలిసిపోతుంది కనుక ఎవరో తనను పరీక్షిస్తున్నారన్న జంకు ఉండదు. దేహానికి లయ, మనస్సుకు అభయం రెండూ ఒకేసారి లభిస్తాయి.

పాణినీయ శిక్ష ఉత్తమ పాఠకునికి ఉండవలసిన గుణాలను ఆరింటిని చెప్పింది. ఆ ఆరింటిలో లయసమర్థత ఒకటి, ధైర్యం ఒకటి. పఠనానికి ధైర్యమెందుకు అని చదువుకునే రోజులలో అనిపిస్తుంది. నత్తి ఉన్నవారిని చూసినప్పుడు ఆ రెండు గుణాలనూ ఒకే వరుసలో ఎందుకు చేర్చారో అర్థమవుతుంది. లయ దేహానిది, ధైర్యం మనస్సుది.

అయితే పారాయణలో తడబాటు లేకపోవడం చూసి నత్తి నయమైందని అనుకోరాదు. పారాయణ ముగిసి, పక్కవారు "మీది ఏ ఊరండీ?" అని అడిగినప్పుడు తడబాటు తిరిగి రావచ్చు. అది స్వభావం. పారాయణ వలన కలిగే లాభం వేరు: తన గొంతు తనకు స్వేచ్ఛగా వినిపించడం, నలుగురిలో కూర్చోవడం అలవాటు కావడం. అది చిన్న లాభం కాదు.

పాపమా? అర్హత లోపిస్తుందా?

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. నత్తి పాపఫలమని భావించి కుమిలిపోయే భక్తులకు నా మనవి ఇది. వ్యాధి దేనినైనా కర్మఫలమనవచ్చు. జ్వరాన్ని కూడ అనవచ్చు. జ్వరానికి వైద్యుని వద్దకు వెళుతున్నాం కదా! దైవబలం, మానవప్రయత్నం రథానికి రెండు చక్రాలని పెద్దలు చెప్పారు. ఒంటి చక్రంతో రథం నడవదు.

మంత్రం తప్పు పలికితే దోషమని, తడబడే నోటితో జపం చేయరాదని కొందరు భయపడతారు. శిక్షాగ్రంథాలు ఉచ్చారణదోషాలను నిందించిన మాట నిజమే. అవి నేర్చుకోకుండా, అర్థం తెలియకుండా, తొందరపాటుతో చదివేవారిని ఉద్దేశించి చెప్పినవి. తెలిసి, శ్రద్ధతో పలకబోయి నిలిచిపోయినవానికి అవి వర్తించవు. పైగా మనుస్మృతి జపాన్ని గురించి చెబుతూ, విధియజ్ఞం కంటె జపం 10 రెట్లు, పెదవులు కదిలీ కదలనట్లు చేసే ఉపాంశుజపం 100 రెట్లు, మానసజపం 1000 రెట్లు శ్రేష్ఠమన్నది. మనస్సులో తడబాటు లేనివారికి ఇంతకంటె ఏమి కావాలి? అయితే దీనిని అడ్డుపెట్టుకొని నలుగురిలో మాట్లాడడం మానుకోకూడదు. జపం భగవంతునితో, సంభాషణ మనుష్యులతో, రెండూ కావలసినవే.

విశ్వరూపాన్ని చూసిన అర్జునుడు వణుకుతూ, చేతులు జోడించి, గద్గదస్వరంతో మాట్లాడాడని భగవద్గీత పదకొండవ అధ్యాయంలో ఉన్నది. భగవంతుడు ఆ తడబడే స్తుతిని చివరివరకు విన్నాడు. మధ్యలో అందుకొని పూర్తిచేయలేదు. మనకు ఆదర్శం అదే.

ఏమి చేయాలి?

చిన్నపిల్లలకు నత్తి కనిపించినప్పుడు ఇంటివారు చేయవలసినవి కొన్ని ఉన్నవి. "నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో, మళ్లీ చెప్పు" అనడం మంచిదని అందరూ అనుకుంటారు. దానివల్ల బిడ్డకు తన మాటమీద అనుమానం పెరుగుతుంది. దానికి బదులు పెద్దవారు తాము నెమ్మదిగా మాట్లాడాలి. బిడ్డ ముఖం చూస్తూ వినాలి. ఎలా చెబుతున్నాడన్నది విడిచి, ఏమి చెబుతున్నాడో దానికి బదులివ్వాలి. వాని మాటను మనం పూర్తిచేయరాదు. చుట్టాల ఎదుట "పద్యం చెప్పు" అని బలవంతపెట్టరాదు. రోజుకు కొంతసేపైనా ఇంట్లో ఒకరు తొందర లేకుండా వానితో కూర్చోవాలి.

తడబాటు ఆరు నెలలు దాటి ఉన్నా, కుటుంబంలో మరొకరికి ఉన్నా, మాట కోసం బిడ్డ ముఖం బిగబట్టి పెనుగులాడుతున్నా ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టును కలవాలి. బడికి వెళ్లే వయస్సు రాకముందే చికిత్స మొదలైతే ఫలితం ఎక్కువగా ఉంటుంది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు మన దేశంలో పెద్ద పీఠం. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. దగ్గరలోని పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యులను అడిగినా దారి చెబుతారు.

పెద్దవారికి ఇచ్చే చికిత్సలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి దేహానికి: ఊపిరిని సాగనిచ్చి మాటను మెత్తగా ఎత్తుకోవడం, పెదవులను, నాలుకను గట్టిగా అదమకుండా తేలికగా తాకించడం. ఇది చదివినప్పుడు నాకు శిక్షలోని పోలిక గుర్తుకు వచ్చింది. ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టి తీసుకువెళ్లేటప్పుడు గుచ్చుకోకుండా, జారిపోకుండా ఎంత ఒడుపుగా పట్టుకుంటుందో, వర్ణాలను అలా పలకాలని అక్కడ చెప్పబడినది. రెండవ భాగం మనస్సుకు: దాచుకోవడం తగ్గించుకోవడం, భయపడి మానుకున్న సందర్భాలను ఒక్కొక్కటిగా ఎదుర్కోవడం, తడబాటు వచ్చినా మాటను పూర్తిచేయడం. "నాకు నత్తి ఉన్నది, కొంచెం సమయం ఇవ్వండి" అని ముందే చెప్పగలిగినవారికి సగం భారం అక్కడే దిగిపోతుంది.

ఇంగ్లండు రాజు ఆరవ జార్జి కథ ఈ రెండు భాగాలకూ నిదర్శనం. యువకుడిగా 1925 అక్టోబరు 31న వెంబ్లీ ప్రదర్శనశాలలో ఆయన చేసిన ప్రసంగం ఆయనకూ, విన్నవారికీ వేదనగా మిగిలింది. 1926 నుండి లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుని వద్ద శిక్షణ పొందాడు. 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన నాడు, రేడియోలో దేశప్రజలను ఉద్దేశించి మాట్లాడాడు. నత్తి ఆయనను పూర్తిగా విడిచిపోలేదు. కాని మాట్లాడవలసిన రోజున మాట్లాడగలిగాడు. చికిత్సకు లక్ష్యం అదే కావాలి.

నత్తిని పూర్తిగా మాన్పే మందు నేటివరకు లేదు. ఇన్ని రోజులలో నత్తి మాయం చేస్తామనే ప్రకటనలను నమ్మి ధనం పోగొట్టుకోవద్దు. నోటిలో గులకరాళ్లు పెట్టి మాట్లాడించడం ప్రమాదం, గొంతుకు అడ్డుపడవచ్చు. పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించడం మన ఇండ్లలో పాత అలవాటు. దానివల్ల వాంతులు, మత్తు కలిగిన పిల్లలు ఆసుపత్రుల పాలైన సందర్భాలు ఉన్నవి కనుక వైద్యులు వద్దంటున్నారు. చిలుక కొరికిన జామపండు పెట్టడంలో హాని లేదు. కాని ఆ పండును నమ్ముకొని చికిత్స వయస్సు దాటబెట్టడంలో హాని ఉన్నది.

ఆలయంలో మన కర్తవ్యం

ఆలయానికి వచ్చే భక్తులలో 100 మందికి ఒకరు చొప్పున లెక్కించినా, పండుగనాడు మన క్యూలలో ఎందరు ఉంటారో ఊహించుకోవచ్చు. వారికోసం ప్రత్యేకంగా కట్టవలసిన కట్టడమేదీ లేదు. అర్చకస్వాములకు నా విన్నపం: నామధేయం అడిగిన తరువాత భక్తుడు ఆగితే మూడు శ్వాసల కాలం ఎదురుచూడండి. చూపు మరల్చకండి. ఊహించి పేరు అందించకండి. అర్చన టికెట్టు మీద పేరు ముందుగానే వ్రాయించే ఏర్పాటు ఉంటే కోరినవారికి అది ఉపయోగపడుతుంది. కాని తన పేరు తానే చెప్పాలనుకునేవారికి ఆ అవకాశం ఇవ్వండి. వెనుక నిలిచిన భక్తులకు విన్నపం: స్వామి ఎదుట ఇంకొక నిమిషం నిలిచే భాగ్యం కలిగిందని భావించండి. పారాయణ బృందాలవారు నత్తి ఉన్నవారిని ఆహ్వానించి మధ్యలో కూర్చోబెట్టుకోండి. బాలబాలికలకు శ్లోకపఠన పోటీలు నిర్వహించేవారు అటువంటి బిడ్డకు కాలపరిమితిని సడలించండి.

దేహంలోని తేడాను చికిత్సకుడు చూసుకుంటాడు. దానిచుట్టూ అల్లుకున్న భయాన్ని తగ్గించడం మన చేతిలో ఉన్నది. అందుకు కావలసిన ద్రవ్యం ఓర్పు ఒక్కటే. హుండీలో వేసే కానుకకు ముందే మనం స్వామికి సమర్పించగలిగినది అది. తడబడే ప్రతి నోటికి తన పేరు తాను చెప్పుకునే ధైర్యాన్ని, వినే ప్రతి చెవికి ఆగే సహనాన్ని వాగ్దేవి అనుగ్రహించుగాక!

శుభం భూయాత్.